తెల్ల గీతల వెంట, ఇంజను మోత లేకుండా

స్విచ్ నొక్కారు. ఏమీ జరగనట్టే ఉంది. కాళ్ల మధ్య వణుకు లేదు, పొగ వాసన లేదు. హ్యాండిల్‌బార్ మధ్య చిన్న తెర మాత్రం వెలిగింది: బ్యాటరీ 100 శాతం. కుడి మణికట్టును వెంట్రుకవాసి తిప్పండి చాలు, దాదాపు 120 కిలోల బండి మిమ్మల్ని మోసుకుని కదిలిపోతుంది.

మీరున్నది అమెరికాలో, యూటా రాష్ట్రంలోని మోయాబ్ ఊరికి ఎగువన ఉన్న శాండ్ ఫ్లాట్స్‌లో. అక్టోబరు ఉదయం, చేతి గ్లవ్స్‌లోకి చలి దూరుతోంది. మీ కింద ఉన్నది స్టార్క్ వార్గ్ ఈఎక్స్, బార్సిలోనా కంపెనీ తయారు చేసిన ఎలక్ట్రిక్ ఎండ్యూరో బండి, అంటే కొండదారుల్లో తోలే మోటారు సైకిల్. ఎదురుగా ఉన్నది స్లిక్‌రాక్ ట్రెయిల్.

దారి అంటే మట్టిబాట ఊహించుకోకండి. ఎదురుగా అంతా రాయే. లేత గులాబి రంగు రాయి, గుట్ట మీద గుట్టగా, ఒక వాలు ముగిసేలోపే ఇంకో వాలు. డైనోసార్లు తిరిగిన కాలంలో ఇక్కడ ఎడారి ఉండేది. ఆ ఇసుక దిబ్బలే గట్టిపడి నవాహో ఇసుకరాయి అయ్యాయి. ఆనాడు గాలి వీచిన వైపు పేరుకున్న పొరలు ఇంకా రాతిలో వాలుగా కనిపిస్తాయి. ఇనప నాడాలున్న గుర్రాలు జారే ఈ బండల్ని రబ్బరు టైరు గరుకు కాగితంలా పట్టుకుంటుంది. రాతి మీద తెల్ల రంగుతో వేసిన పొట్టి గీతలే దారి. వాటి వెంటే వెళ్లాలి. 1969లో ఈ దారిని ఏర్పరచింది మోటారు సైకిళ్లవాళ్లే. 1980లలో మౌంటెన్ బైకుల వాళ్లు వచ్చి దీన్ని లోకానికంతా తెలిసేలా చేశారు. ఇప్పుడు ఇక్కడ కనిపించేవాళ్లలో ఎక్కువమంది పెడళ్లు తొక్కేవాళ్లే.

మొదటి నిలువు ఎక్కుడు వచ్చేసింది. గీతలు గోడ పైకి ఎక్కుతున్నట్టున్నాయి. పెట్రోలు బండైతే ఇక్కడ ఎడమ చేతికి నిలకడ ఉండదు. క్లచ్ సగం వదలాలి, ఇంజను ఊపు పడిపోకుండా చూడాలి, మధ్యలో ఆగిపోతే వాలు మీద కిక్కు కొట్టుకుంటూ వెనక్కి జారాలి. ఈ బండికి క్లచ్ లేదు, మార్చాల్సిన గేర్లు లేవు. మోటారు కదలని క్షణం నుంచే దాని లాగుడు బలం మొత్తం అందుబాటులో ఉంటుంది. సగం ఎక్కి ఆగండి. బ్రేకు పట్టుకుని ఊపిరి తీసుకోండి. మళ్లీ మణికట్టు తిప్పితే ఆగిన చోటి నుంచే ఎక్కుతుంది. ఇక్కడ సుమారు 1,400 మీటర్ల ఎత్తు. గాలి పలచబడేకొద్దీ పెట్రోలు ఇంజను నీరసిస్తుంది, మోటారుకు మాత్రం గాలితో పని లేదు.

గుట్ట పైకి చేరాక తూర్పున లా సాల్ కొండలు. ఇప్పుడు వినండి.

గొలుసు సన్నగా గరగరలాడుతోంది. గేర్ల పళ్ల ఈల వేగంతో పాటు పెరిగి, వేగంతో పాటే దిగుతోంది. టైరు గుబ్బలు రాతి మీద టకటకా పడుతున్నాయి. వెనక టైరు పట్టు సడలేముందు, రాతిపై ఇసుక రేణువులు చిన్నగా గీసుకునే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విని మణికట్టు కాస్త వదిలితే బండి జారదు. పైన ఎక్కడో బొంతకాకి అరిచింది, లోయ అవతలి గోడ ఆ అరుపును తిప్పి పంపింది. పెట్రోలు బండి మీద వెళ్లినప్పుడూ ఇవన్నీ ఇక్కడే ఉన్నాయి. మన చెవికి చేరలేదంతే. కాలిఫోర్నియా చట్టం డర్ట్ బైకులకు సైలెన్సర్ నుంచి అరమీటరు దూరంలో 96 డెసిబెల్స్ వరకు ఒప్పుకుంటుంది. ఆ మోతలో ఏ పిట్ట గొంతు వినిపిస్తుంది?

మలుపు తిరగ్గానే ఇద్దరు సైకిళ్ల మీద, మీకు వీపు చూపిస్తూ మెల్లగా ఎక్కుతున్నారు. వాళ్లకు మీరు వస్తున్నట్టు తెలియదు. పెట్రోలు బండి కిలోమీటరు దూరం నుంచే తన రాకను చాటుకుంటుంది, జనం పక్కకి జరుగుతారు, తిట్టుకుంటారు కూడా. ఇక్కడ ఆ పని మీ గొంతు చేయాలి. వేగం తగ్గించి, కేకేసి, వాళ్లు తల తిప్పేదాకా ఆగండి. వెనకున్నామె ఉలిక్కిపడి, మీ బండి చూసి నవ్వి, చేత్తో పొమ్మంటుంది.

దారి పక్కన రాతి గుంటల్లో వాన నీళ్లు నిలిచాయి. వాటిలో వేలి గోరంత ఫెయిరీ ష్రింప్ ఈదుతుంటాయి. గుంట ఎండిపోతే వాటి గుడ్లు మళ్లీ వాన పడేదాకా ఎండలోనే కాచుకుని ఉంటాయి. బండల మధ్య ఇసుక మీద నల్లగా, గరుకుగా, పెచ్చుకట్టిన నేల కనిపిస్తోందా? అది ప్రాణమున్న నేల. సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు సన్నని దారాలతో ఇసుకను కట్టిపడేస్తాయి. ఒక్క టైరు దాని మీదుగా పోతే ఆ చార మాయడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ టైరును తిప్పింది బ్యాటరీనా, పెట్రోలా అన్నది నేలకు అక్కర్లేదు.

ఎలక్ట్రిక్ బండ్ల గురించి నాకున్న భయం ఇక్కడే. ఇన్నాళ్లూ మోత ఒక సాక్షి. గీత దాటి ఎవడైనా అడ్డంగా తోలితే రెండు లోయల అవతలికి తెలిసేది. ఇప్పుడు దాటితే ఎవరికీ వినపడదు. తెల్ల గీత మీద మిమ్మల్ని నిలిపేది ఇక మీరే.

ఈ ప్రాంతంలో శబ్దం చిన్న గొడవ కాదు. 2021లో మోయాబ్, దాన్ని చుట్టుకున్న గ్రాండ్ కౌంటీ బండ్ల మోతకు కొత్త హద్దులు పెట్టాయి. 2023 సెప్టెంబరులో ఊరి పడమట లాబిరింత్ కాన్యన్ వైపు 300 మైళ్లకు పైగా దారులను మోటారు వాహనాలకు మూసేస్తూ ప్రభుత్వ భూముల శాఖ నిర్ణయించింది. ఆ లోయ కింద నదిలో పడవల మీద వెళ్లేవాళ్ల ప్రశాంతత కూడా ఆ నిర్ణయం వెనకున్న వాదనల్లో ఒకటి. చప్పుడు లేని బండి ఉంటే ఆ తలుపులు తెరుచుకుంటాయని చాలామంది ఆశ. చట్టం మాత్రం దీన్ని మోటారు వాహనంగానే చూస్తుంది, సైకిళ్లకే కేటాయించిన సన్న దారుల్లోకి రానివ్వదు. అది సరైన పనే అని నా అభిప్రాయం. ముందు మన నడత చూపించి, ఆ తర్వాత అడగాలి.

గుట్ట నీడలో ఆగండి, నీళ్లు తాగండి. తెర మీద 54 శాతం. పెట్రోలు బండి అయితే ఈ లెక్క తలలోకే రాదు. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. మీ కిందున్న బ్యాటరీ మొత్తం కలిపి 7.2 యూనిట్లు, అంటే లీటరు పెట్రోలుకు కూడా చాలదు. మోటారు దాదాపు ఏదీ వృథా చేయదు కాబట్టే ఇంత దూరం వచ్చారు. ఈ లెక్కతోనే ఎందరో తలపడ్డారు. కాలిఫోర్నియాలో జీరో అనే కంపెనీ 2006లో మొదలై నిలబడింది. అక్కడి ఆల్టా మంచి బండ్లు చేసి కూడా 2018లో మూతపడింది. 80 హార్స్‌పవర్‌తో తొలి వార్గ్‌ను 2021 చివర్లో చూపించాక మోటోక్రాస్ రేసుల వాళ్లు తలలు తిప్పి చూడక తప్పలేదు.

దిగుడులో మోటారే బ్రేకు పడుతుంది, కాస్త కరెంటు బ్యాటరీకి తిరిగి చేరుతుంది. శాతం ఒకటి పెరిగినప్పుడు కలిగే సంతోషం చిన్నపిల్లలదే. సుమారు 17 కిలోమీటర్ల చుట్టు ముగిసేసరికి ముంజేతులు బిగుసుకుపోయాయి.

పార్కింగులో, దగ్గర్లోని ఆర్చెస్ పార్కు చూసి వచ్చిన తెలుగు కుటుంబం ఒకటి ఫొటోలు తీసుకుంటోంది. మీ తెలుగు మాట విని వాళ్ల అబ్బాయి పరుగున వస్తాడు.

"అంకుల్, దీనికి సౌండ్ రాదా? నేను ఎక్కొచ్చా?"

వాడి చెయ్యి అప్పుడే యాక్సిలరేటర్ మీదికి పోతోంది. బండి ఇంకా ఆన్‌లోనే ఉంది, చూస్తే తెలియదు, వింటే అసలే తెలియదు. ఆ చెయ్యి పట్టుకుని ఆపండి. ఎర్ర స్విచ్ నొక్కి, తెర ఆరిపోయిందని వాడికి చూపించండి.

"ఇది ఆరిపోయిందో లేదో ముందు చూడాలి నాన్నా. ఇప్పుడెక్కు."