ఇంటిపేరు తేల్చాం, బిడ్డ చూపు తేల్చలేదు

సంక్రాంతి సెలవులకు ముందురోజు ఏ ఆశ్రమ పాఠశాల గేటు దగ్గర నిలబడినా ఒక సంగతి కనిపిస్తుంది. కొందరు పిల్లల కోసం తండ్రి వస్తాడు. కొందరి కోసం తాత వస్తాడు. కొందరి కోసం తల్లి వస్తుంది. ఆమె పక్కన ఒక్కోసారి రిజిస్టరులో పేరు లేని మనిషి ఉంటాడు. ఆమె మారుమనువాడిన మనిషి. వార్డెన్ తండ్రికి ఫోన్ చేస్తే "పంపొద్దు" అంటాడు. బిడ్డ సంచి పట్టుకుని ఇద్దరి మధ్య నిలబడిపోతుంది. ఈ ప్రశ్న వార్డెన్ తేల్చాల్సింది కాదు. భార్యాభర్తలు విడిపోయిన రోజునే పెద్దమనుషుల ముందు తేలాల్సింది. ఎందుకు తేలలేదో తెలియాలంటే మన చరిత్రలోకి కొంత వెనక్కి వెళ్ళాలి.

విడిపోవడం మనకు కొత్త కాదు. కోయల్లో, గోండుల్లో, కొండరెడ్లలో, చెంచుల్లో ఆడమనిషి ఇష్టం లేని కాపురం వదిలి రావడం, మళ్ళీ మనువాడటం ఎప్పటినుంచో ఉన్నదే. 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల్లోనూ, 1940లలో చెంచులు, కొండరెడ్లు, రాజగోండుల మీద హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకాల్లోనూ ఈ ఆచారాలు నమోదయ్యాయి. మైదానంలోని పై కులాలు విధవా వివాహం తప్పా ఒప్పా అని కొట్టుకుంటున్న కాలంలో మన ఆడవాళ్ళకు ఆ దారి తెరిచే ఉంది. ఇది మనం గర్వంగా చెప్పుకోదగ్గ మాట.

అయితే అప్పటి పంచాయితీ ఏం తేల్చేదో చూద్దాం. ఓలి ఎంత ఇచ్చారు, ఎంత తిరిగి రావాలి? తప్పు ఎవరు కట్టాలి? సాధారణంగా కొత్తగా మనువాడినవాడు మొదటి భర్తకు సొమ్ము చెల్లించేవాడు. అది చెల్లితే తగువు తెగినట్టే. ఇక బిడ్డ ఎవరిదంటే తండ్రిది. పాలు తాగే బిడ్డయితే తల్లి దగ్గరే ఉంటుంది, పెరిగాక తండ్రి ఇంటికి చేరాలి.

దీని వెనక కారణం ఉంది. కోయల్లో గట్టు, గోండుల్లో సగా, వేల్పు, పెర్సాపేన్, ఇంటిపేరు అన్నీ తండ్రి నుంచి వస్తాయి. ఎవరితో పెళ్ళి కుదురుతుందో, ఎవరు అన్నదమ్ముల వరసో తేల్చేది అదే. బిడ్డ ఏ గట్టుదో తెలియకపోతే రేపు దాని పెళ్ళే ఆగిపోతుంది. అందుకే పెద్దలు ఆ ఒక్క మాటను గట్టిగా పట్టుకున్నారు.

మరి కన్నతల్లి ఆ బిడ్డను ఎప్పుడు చూడాలి? ఈ ప్రశ్న ఆ రోజుల్లో విడిగా వేసేవాళ్ళు అరుదు. వేయాల్సిన అవసరమూ తక్కువే. తల్లి మళ్ళీ మనువాడి వెళ్ళిన ఊరు ఒక కొండ అవతలో, రెండు వాగుల అవతలో ఉండేది. వారానికోసారి సంత. ఏడాది పొడవునా పండగలు, కొలుపులు, పెళ్ళిళ్ళు. మేనరికాల వల్ల రెండిళ్ళకూ ముందునుంచే చుట్టరికం. బిడ్డ పెళ్ళికి మేనమామ లేకుండా పని జరగదు. ఎవరూ తీర్పు చెప్పకపోయినా బిడ్డకు తల్లి చూపు దొరికేది.

అంతా బాగానే ఉండేదని మేం అనడం లేదు. తల్లిని గుమ్మం తొక్కనివ్వని ఇళ్ళూ ఉన్నాయి. పంచాయితీలో కూర్చుని తీర్పు చెప్పేది మగవాళ్ళే కనుక ఆమె బాధ తీర్పులోకి రాలేదు. ఆచారం తల్లిని వెళ్ళిపోనిచ్చింది కాని, వెళ్ళిన తల్లికి బిడ్డ మీద ఏం మిగిలిందో చెప్పలేదు.

ఇది మన వెనకబాటుతనమని తొందరపడి అనుకోవద్దు. మనల్ని పాలించిన ఇంగ్లాండు సంగతి చూడండి. అక్కడా బిడ్డ తండ్రిదే. అక్కడా భార్యతో సంబంధం ఉందని మరో మగవాడి మీద భర్త దావా వేసి సొమ్ము రాబట్టుకునేవాడు. 1836లో జార్జ్ నార్టన్ అనే ఆయన అప్పటి ప్రధానమంత్రి లార్డ్ మెల్‌బోర్న్ మీదే అలాంటి దావా వేసి ఓడిపోయాడు. ఓడినా ముగ్గురు కొడుకులను తల్లికి చూపించలేదు. ఆ తల్లి కరోలిన్ నార్టన్ పట్టు విడవకుండా రాసి, పోరాడింది. దాంతో 1839లో ఒక చట్టం వచ్చింది. ఏడేళ్ళ లోపు పిల్లలను తన దగ్గర ఉంచుకోవడానికీ, అంతకన్నా పెద్ద పిల్లలను చూసుకోవడానికీ తల్లి కోర్టును అడగవచ్చు. అయితే మరో మగవాడితో సంబంధం ఉన్నట్టు తీర్పు వచ్చిన తల్లికి ఆ దారి మూసేశారు. తండ్రికి అలాంటి షరతేమీ లేదు. తల్లికి కొత్త తోడు దొరికితే బిడ్డను దూరం చేయాలన్న ఆలోచన చట్టం పుస్తకంలోనే ఉండేదన్నమాట.

అదే 1839లో మన మన్యం మీద మరో చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికిచ్చారు. 1924లో ఏజెన్సీ రూల్స్ వచ్చాయి. ఇంటి తగవులు చాలావరకు కులపెద్దల దగ్గరే మిగిలాయి. స్వాతంత్ర్యం తర్వాత 1955 హిందూ వివాహ చట్టం, 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం వచ్చినా, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప అవి షెడ్యూల్డ్ తెగలకు వర్తించవని వాటిలోనే రాశారు. కనుక అయిదేళ్ళ లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని పట్నంలో వకీళ్ళు చెప్పే 1956 చట్టం మాట నేరుగా మనది కాదు.

మరి మనకు చట్టమే లేదా? ఉంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అన్ని మతాలకూ తెగలకూ వర్తిస్తుంది. దాని 17వ సెక్షన్ ప్రకారం, బిడ్డకు వర్తించే న్యాయాన్ని, అంటే మన ఆచారాన్ని కూడా గమనంలో ఉంచుకుని, బిడ్డ మేలు ఎందులో ఉందో కోర్టు చూడాలి. తెలివి వచ్చిన బిడ్డ ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు. బిడ్డను చూసుకునే హక్కు గురించిన దావాలు 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టంలో స్పష్టంగా ఉన్నాయి. కోర్టు భాషలో దీన్నే సందర్శన హక్కు అంటారు. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కు అనీ, ఒకరి దగ్గర పెరిగే బిడ్డను రెండోవారు కలిసే వీలు, ఫోన్‌లో, వీడియోలో మాట్లాడే వీలు ఉండాలనీ సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. హక్కు బిడ్డది అన్నాక తల్లి మారుమనువాడిందా, తండ్రి రెండో ఆమెను తెచ్చుకున్నాడా అన్నది మాత్రమే చూపును ఆపే కారణం కాలేదు. ఆ ఇంట్లో తాగుడు, కొట్టుడు, బిడ్డకు ప్రమాదం ఉంటే అది వేరే మాట.

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2022 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా మనం చదవాలి. భర్త చనిపోయిన ఒక తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. బిడ్డ కోసం తాత, నానమ్మ కోర్టుకెక్కారు. కింది కోర్టు బిడ్డను తల్లి దగ్గరే ఉంచి, వాళ్ళకు చూసే వీలు ఇచ్చింది. హైకోర్టు ఇంటిపేరు మార్చమని, కాగితాల్లో కొత్త భర్తను సవతి తండ్రిగా రాయమని చెప్పింది. అలా రాయడం బిడ్డ మనసును గాయపరుస్తుందని సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అది మన తెగల కేసు కాదు, ఇంటిపేరు మీద ఆ తీర్పు మన ఆచారానికి నేరుగా అతకదు. కాని అందులో మనకు పనికొచ్చే పాఠం ఉంది. ఇంటిపేరు ఒక ప్రశ్న, బిడ్డ ఎక్కడ పెరగాలన్నది మరో ప్రశ్న, ఎవరు చూడాలన్నది మూడోది. మనం మూడింటినీ ఒకే ముడి వేశాం.

ఇప్పుడు తల్లి హైదరాబాదులోనో విశాఖలోనో కూలికి పోతోంది. బిడ్డ హాస్టల్లో ఉంటోంది. సంతలో కలుసుకునే రోజులు పోయాయి. ఆచారం చెప్పకుండా వదిలిన మాటను ఇప్పుడు నోరు తెరిచి చెప్పాలి. 1996 పెసా చట్టం ఆచారాలనూ తగవు తీర్చుకునే పద్ధతినీ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ అధికారంతోనే విడాకుల కాగితంలో నాలుగు వాక్యాలు చేర్చవచ్చు. ఏ పండక్కి, ఏ సెలవుల్లో బిడ్డ ఎవరింటికి వెళ్తుంది? ఎవరు తీసుకెళ్ళి ఎవరు దించుతారు? వారంలో ఏ రోజు ఫోన్? బడి రిజిస్టరులో ఎవరెవరి పేర్లు? ఆ పంచాయితీలో ఆడవాళ్ళూ కూర్చోవాలి. బిడ్డ మాట వినాలి. కుదరకపోతే కోర్టు ఉంది. షెడ్యూల్డ్ తెగలవారికి 1987 చట్టం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

టీచర్లను మేం కోరేది ఒకటే. గేటు దగ్గర బిడ్డ ముందు తగువు పెట్టనివ్వకండి. చేర్చుకునే రోజే అడిగి రాసుకోండి. చదువుకున్న యువతీ యువకులు తమ ఊరి పంచాయితీలో ఆ కాగితం రాసే పని నెత్తిన వేసుకోవాలి. బిడ్డ గట్టు తండ్రిదే కావచ్చు, వేల్పు తండ్రిదే కావచ్చు. తల్లి మారుమనువాడినా బిడ్డకు ఆమె తల్లే. సెలవులకు ముందురోజు ఆ బిడ్డ సంచి పట్టుకుని ఎటు నడవాలో ముందే తెలిసి ఉండాలి.