పాత ఫాంట్ల అప్పు: ఛత్తా బజారు నుంచి ‘జ్ఞా’ దోషం వరకు

వ్యాససంగ్రహం: యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలో నిక్షిప్తమైన పాఠాలు నేటి మొబైల్ యాప్‌లకు వారసత్వంగా వచ్చిన అప్పు. పైకి కనిపించే దోషానికి, కనిపించని అప్పుకు గల భేదాన్ని, ఆ అప్పును తీర్చే పద్ధతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సాంకేతిక ఋణం, యూనికోడ్, ఛత్తా బజారు, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో గడువు కోసం తాత్కాలిక మార్గాన్ని అనుసరించి, దాన్ని తర్వాత సరిదిద్దకపోతే పేరుకొనే భారాన్ని ‘సాంకేతిక ఋణం’ అంటారు. ఈ అప్పు పోలికను 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ ప్రయోగించాడు. అప్పు చేయడం తప్పని ఆయన అనలేదు. తీర్చకపోతే వడ్డీ పెరుగుతుందన్నదే ఆయన హెచ్చరిక. తెలుగు లిపి కంప్యూటర్‌లోకి ప్రవేశించిన చరిత్రకు ఈ పోలిక చక్కగా వర్తిస్తుంది.

2. అప్పు పుట్టిన తీరు

హైదరాబాదు పాతబస్తీలోని ఛత్తా బజారు ఉర్దూ కాతిబుల చేతిరాతకు, శుభలేఖల ముద్రణకు ప్రసిద్ధి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్ కాతిబు రాతను దాదాపు 20,000 సంయుక్తాకృతులుగా యంత్రానికి అందించింది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ఆ లిపిని సాధారణ కంప్యూటర్లకు చేర్చింది. కాని పాత ఇన్‌పేజ్ ఫైళ్ళు సొంత సంకేతవిధానంలో ఉన్నాయి. మార్పిడి చేయనిదే వాటిలోని పాఠం నేటి ఫోనులో చదవడానికి వీలుకాదు.

తెలుగు డి.టి.పి. చరిత్ర కూడా ఇటువంటిదే. 1991లో భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం ఏర్పడింది. అదే ఏడాది యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు 128 స్థానాల విభాగం లభించింది. అయినా ముద్రణశాలలు ఆంగ్లాక్షరాల స్థానాలలో తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలుగా అమర్చిన ఫాంట్లనే వాడాయి. కాగితం మీద అక్షరం అందంగా పడితే నాటి అవసరం తీరేది. ఆ పాఠాన్ని ఎవరో వెదకవలసివస్తుందని, ఫోనులో చదువుతారని అప్పుడు ఊహించవలసిన పని లేదు. కనుక ఆనాటి అప్పు సహేతుకమే.

3. కనిపించిన దోషం

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం ఐఫోన్లను స్తంభింపజేస్తోందన్న వార్త ప్రపంచమంతటా వ్యాపించింది. వాట్సాప్, జీమెయిల్ వంటి యాప్‌లు ఆ అక్షరాన్ని చూపబోయి మూతపడ్డాయి. నిజానికి దోషం అక్షరానిది కాదు. జకారం, పొల్లు, ఞకారం, కంటికి కనబడని ఒక విభాజక చిహ్నం, దీర్ఘం అనే వరుసను ఐఓఎస్ సరిగా నిర్వహించలేకపోయింది. విభాజకం లేని ‘జ్ఞానం’ వంటి మామూలు మాటలకు ఈ ప్రమాదం లేదు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదలతో సమస్య తీరింది.

యాప్ మూతపడింది కాబట్టి ఈ దోషం రోజుల్లోనే సవరణకు నోచుకుంది. పాత ఫాంట్ల అప్పు యాప్‌ను ఆపదు. పాఠాన్ని నిశ్శబ్దంగా చెరుపుతుంది.

4. వడ్డీ

ఈ వ్యాసకర్త తన సిద్ధాంతగ్రంథంలోని ఒక అధ్యాయాన్ని పాత ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు కొన్ని ఒత్తులు రాలిపోయాయి. ‘భక్తి’ ‘భకి’ అయింది. గద్యంలో ఇది అచ్చుతప్పు మాత్రమే. పద్యంలో సంయుక్తానికి ముందున్న ‘భ’ గురువు. ఒత్తు పోతే లఘువై గణం చెడుతుంది. మూలప్రతిని చూడని పాఠకుడు దాన్ని కవి దోషంగానో పాఠాంతరంగానో భావించే ప్రమాదం ఉంది.

5. తీర్చే పద్ధతి

పాత పాఠాలను మోస్తున్న యాప్‌లో ఆ ఫాంటునే ఇమిడ్చి నడపడం వడ్డీ మాత్రమే కట్టడం. అసలు తీరాలంటే పాఠాన్ని ఒక్కసారి యూనికోడ్‌లోకి మార్చి, ఆకృతిని ఫాంటుకు వదలాలి. మూల ఫైలును, అందులో వాడిన ఫాంటు పేరును భద్రపరచాలి. క్ష, జ్ఞ, స్త్ర్య వంటి క్లిష్ట సంయుక్తాల పరీక్షాపట్టికను ప్రతి కొత్త కూర్పు విడుదలకు ముందు సరిచూడాలి. తప్పు దొరికితే యాప్ తెరమీద కాక మార్పిడి సూత్రంలోనే దిద్దాలి. లేకుంటే అదే తప్పు మరో పుటలో పునరావృతమవుతుంది.

6. ముగింపు

ప్రతులను పోల్చడం, పాఠభేదాలను నమోదు చేయడం, లేఖకదోషాన్ని కవిదోషం నుంచి వేరుచేయడం తెలుగు పరిష్కర్తలకు కొత్త కాదు. తాళపత్రాల విషయంలో పాటించిన ఆ క్రమశిక్షణ నేటి ఫైళ్ళకూ అవసరం. మార్పిడిని సాంకేతిక నిపుణుడు చేయగలడు. రాలిన ఒత్తును గుర్తించవలసినవాడు మాత్రం తెలుగు పరిశోధకుడే.