ఎండితే ఆనవాళ్లు పోయే పూలు

క్లెమెంటిలోనైనా, సింగపూర్‌లో మరెక్కడైనా, పార్కుల అంచుల్లో నడుమెత్తు పెరిగిన విషముంగలి దుబ్బులు మామూలే. తెల్లటి సన్నరేకుల పూలు గుత్తిగా పూస్తాయి. పక్కనే అమెరికా నుంచి వచ్చిన స్పైడర్ లిల్లీ ఉంటే రెండూ ఒకటే అనిపిస్తుంది. పువ్వు నడిమికి చూస్తే ఆ అనుమానం తీరుతుంది. స్పైడర్ లిల్లీలో ఆరు కేసరాల కాడలనూ అడుగున పల్చటి తెల్లపొర కలిపేసి చిన్న గిన్నెలా చేస్తుంది. విషముంగలికి ఆ పొర ఉండదు. కాడలు వేటికవే విడిగా, ఊదారంగు తిరిగి నిలబడతాయి.

ఈ పూలనే కాగితాల మధ్య నొక్కి ఎండబెడితే పొర చిరుగుతుంది, రంగు పోతుంది, కండగల ఆకు గోధుమరంగు పీలికవుతుంది. నీరు పట్టిన గడ్డ ఒక పట్టాన ఎండదు. ఈ రెండూ చెందిన అమరిల్లిస్ కుటుంబం శాస్త్రజ్ఞులను తికమకపెట్టింది ఇక్కడే. అందుకే ఈ మొక్కల విషయంలో ఎండుమొక్కలు దాచే హెర్బేరియం బీరువాల కంటే తోటమాలులకూ చిత్రకారులకూ ఎక్కువ పేరు దక్కాలి.

ఆ చిత్రకారుల్లో కొందరు మన సామర్లకోట వైపు వాళ్లు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి అక్కడ ఉండి, తోట వేసి, పచ్చిమొక్కలను ఎదురుగా పెట్టి స్థానికుల చేత బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లాక కూడా ఆ పని సాగించాడు. మొత్తం 2,500కు పైగా బొమ్మలు పోగయ్యాయి. గీసినవాళ్ల పేర్లు మాత్రం చాలావరకు నిలవలేదు. ఇది బాధపడాల్సిన సంగతే.

వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో క్రైనమ్ ఏషియాటికమ్ అన్నది మన విషముంగలినే. రాక్స్‌బర్గ్ క్రైనమ్ టాక్సికేరియమ్ అని వేరుచేసిన మొక్కను కూడా ఇప్పుడు అందులోనే కలిపేశారు.

1822లో కలకత్తా తోట అధికారి నథానియల్ వాలిక్ సింగపూర్ వచ్చాడు. ఆయన ప్రోద్బలంతో ఇప్పటి ఫోర్ట్ కానింగ్ గుట్ట మీద మొదలైన తోట 1829లో మూతపడింది. నేటి బొటానిక్ గార్డెన్స్ 1859 నాటిది. దానికి 1888 నుంచి 1912 దాకా డైరెక్టర్‌గా ఉన్న హెన్రీ రిడ్లీ, మలయా ద్వీపకల్పపు మొక్కల మీద 1922-25 మధ్య అయిదు సంపుటాలు వెలువరించాడు. అమరిల్లిస్ కుటుంబం సరిహద్దులు ఆ తర్వాత కూడా జరుగుతూ వచ్చాయి. 2009 నాటి వర్గీకరణలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఇందులో చేరాయి.

క్లెమెంటి దగ్గర ఇప్పటి చిక్కు మొక్క పుట్టుక గురించి. విషముంగలి ఇసుకతీరాల మొక్క. బెండుపొర ఉన్న విత్తనం సముద్రం మీద తేలివచ్చి ఒడ్డున మొలుస్తుంది. ఇక్కడి వెస్ట్ కోస్ట్ పార్కు ఉన్నదేమో సముద్రాన్ని పూడ్చిన నేల మీద. అక్కడి మొక్క నర్సరీ నుంచి వచ్చిందా, అలలతో వచ్చిందా అన్నది పువ్వును చూస్తే తెలియదు. వరుసలో నాటినట్టుందా, ఆటుపోట్ల గీతకు పైన ఇసుకలో విడిగా మొలిచిందా, చుట్టూ చిన్న మొలకలున్నాయా అన్నవి పేరుతో పాటు అక్కడే నిలబడి రాసుకోవాలి.