రేబిస్ వైరస్: కణాన్ని పట్టుకొనే ముళ్ళు

రేబిస్ వ్యాధిని కలిగించే వైరస్ తుపాకీ గుండు ఆకారంలో ఉంటుంది. దీని పొడవు సుమారు 180 నానోమీటర్లు. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు ఒక నానోమీటరు. వైరస్‌ను చుట్టి ఉన్న కొవ్వు పొరపై ముళ్ళవలె నిలిచి ఉండేది 'జి' అనే మాంసకృత్తు. మూడేసి అణువులు కలిసి ఒక్కొక్క ముల్లుగా ఏర్పడతాయి.

పిచ్చికుక్క కరిచినప్పుడు లాలాజలంతో గాయంలో చేరిన వైరస్, నరం కండరాన్ని కలిసే చోట ఉన్న గ్రాహకాలకు ఈ ముళ్ళతోనే అంటుకుంటుంది. కణం దానిని చిన్న సంచిలో పొదిగి లోపలికి తీసుకొంటుంది. సంచిలో ఆమ్లత పెరగగానే ముళ్ళ రూపం మారి, రెండు పొరలూ ఏకమవుతాయి. వైరస్ జన్యుపదార్థం కణంలోకి ప్రవేశిస్తుంది. అటుపై వ్యాధి నరాల వెంట మెదడును చేరుతుంది. లక్షణాలు బయటపడిన తరువాత రోగి బతకడం అత్యంత అరుదు.

అందువల్ల కాటు పడిన వెంటనే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. సబ్బు ఆ కొవ్వు పొరను ఛిద్రం చేస్తుంది. టీకా వల్ల శరీరంలో తయారయ్యే ప్రతిరక్షకాలు ముళ్ళను కప్పివేసి, వైరస్‌ను కణానికి అంటనీయవు. అవి తయారు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. కనుక రక్తం వచ్చిన గాయాలలో సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలను కూడా సూదిద్వారా ఇస్తారు. కారం, సున్నం, పసరు పూయడం వల్ల ఈ రక్షణ కలగదు. కుక్క కాటు చిన్నదైనా ఆసుపత్రికి వెళ్ళాలి; వైద్యులు చెప్పిన తేదీలలో టీకా విడతలన్నీ పూర్తి చేయాలి.