న్యూట్రల్ ఎర్తింగ్ పద్ధతుల చరిత్ర

మూడు ఫేజుల విద్యుత్ వ్యవస్థలో స్టార్ చుట్టలు కలిసే చోటును న్యూట్రల్ అంటారు. దాన్ని భూమికి ఎలా కలపాలి, అసలు కలపాలా వద్దా అన్నది వోల్టేజిని బట్టి మారుతూ వచ్చింది. నేరుగా కలిపితే, తీగ నేలను తాకగానే భారీ కరెంటు పారి బ్రేకర్ ట్రిప్ అవుతుంది. కలపకుండా వదిలితే కరెంటు స్వల్పమే గాని, మిగతా రెండు ఫేజులకూ భూమికీ మధ్య వోల్టేజి 1.73 రెట్లకు చేరుతుంది.

భూమిని తిరుగు తీగగా వాడవచ్చని 1838లో జర్మన్ శాస్త్రవేత్త స్టైన్‌హైల్ టెలిగ్రాఫ్ మీద చూపాడు. ఇళ్లకిచ్చే 150 వోల్టుల లోపు సరఫరాకు ఎర్తింగ్‌ను అమెరికా కోడ్ 1913లో తప్పనిసరి చేసింది.

తొలినాటి హై వోల్టేజి లైన్లలో న్యూట్రల్‌ను చాలాచోట్ల ఊరికే వదిలేసేవారు. లైన్లు పొట్టిగా ఉన్నంతకాలం ఇబ్బంది రాలేదు. ఇన్సులేటర్ మీద ఆర్క్ లేచినా దానంతటదే ఆరేది, సరఫరా ఆగేది కాదు. లైన్లు పొడవయ్యేకొద్దీ తీగలకూ నేలకూ మధ్య కెపాసిటెన్స్ పెరిగింది. ఆర్క్ ఆరడం, మళ్లీ రగలడం మొదలై, ప్రతిసారీ వోల్టేజి ఎగదన్నడంతో ఎక్కడో దూరాన ఉన్న ఇన్సులేటర్లు పగిలేవి. ఈ రోగానికి ఆర్సింగ్ గ్రౌండ్ అని పేరు.

దీనికి చక్కని మందు కనిపెట్టినవాడు వాల్డెమార్ పీటర్సన్ (1880–1946). ఏథెన్స్‌లో పుట్టి, జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. 1916లో ఆర్క్ తీరును విశ్లేషించి, న్యూట్రల్‌కూ భూమికీ మధ్య ఇనుప గుండె గల ఒక కాయిల్ పెట్టమన్నాడు. మరుసటి ఏడాదికి అది వాడుకలోకి వచ్చింది. చెట్టుకొమ్మ తీగను తాకిందనుకుందాం. లైన్ కెపాసిటెన్స్ నుంచి వచ్చే కరెంటు వోల్టేజి కంటే ముందుంటుంది, కాయిల్‌ది వెనకబడుతుంది. రెండూ సమానంగా ఎదురుపడి చెల్లిపోతే, కొమ్మ దగ్గర ఆర్క్‌కు తిండి దొరకదు. ఫేజుల మధ్య వోల్టేజి మారదు గనుక ఇళ్లలో దీపం మిణుకుమనదు. చిక్కల్లా, కొత్త లైన్ కలిపిన ప్రతిసారీ కాయిల్ ట్యాప్ సర్దుకోవాలి. మధ్య ఐరోపాలో ఇది స్థిరపడింది. ఆర్క్ మళ్లీ రగలడంపై 1923లో పీటర్స్, స్లెపియన్ అమెరికాలో మరో సిద్ధాంతం చెప్పారు.

అదే ఏడాది దక్షిణ కాలిఫోర్నియాలో 220 కెవి లైన్ నడిచింది. ఇంత ఎత్తు వోల్టేజిలో ఇన్సులేషన్ ఖర్చే శాసిస్తుంది. న్యూట్రల్‌ను నేరుగా ఎర్త్ చేస్తే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టకు న్యూట్రల్ వైపు ఇన్సులేషన్ తగ్గించవచ్చు. ఫాల్ట్ లెక్కలకు ఇంజనీర్ ఫోర్టెస్క్యూ 1918లో ఇచ్చిన సిమెట్రికల్ కాంపొనెంట్స్ పద్ధతి అక్కరకొచ్చింది. మరోవైపు, 1925లో న్యూజిలాండ్‌లో ఇంజనీర్ మాండెనో ఒకే తీగతో, భూమినే తిరుగుదారిగా పల్లెలకు కరెంటు ఇచ్చాడు.

భారతదేశంలో 1956 నిబంధనలు న్యూట్రల్‌కు కనీసం రెండు వేర్వేరు ఎర్త్‌లు కోరాయి. ఐఎస్ 3043 ప్రమాణం 1966లో వచ్చింది. నేల తడి ఆరకుండా ఎండాకాలంలో వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ పిట్‌లో నీళ్లు పోయడం లైన్‌మన్లకు తెలిసిన పనే. పవర్ స్టేషన్లలో 6.6 కెవి మోటార్ల సరఫరాకు రెసిస్టర్ పెట్టి ఫాల్ట్ కరెంటును కొన్ని వందల ఆంపియర్లకు కుదిస్తారు. పెద్ద జనరేటర్ స్టేటర్‌లోని ఇనుప పలకలు కరిగిపోకుండా ఫాల్ట్ కరెంటును పది ఆంపియర్ల లోపే ఉంచుతారు. 1100 వోల్టుల లోపు బొగ్గు గని సరఫరాకు హద్దు 750 మిల్లీఆంపియర్లు. 132 కెవి, అంతకుమించిన గ్రిడ్‌లో నేరు ఎర్తింగే.

నేరు ఎర్తింగ్‌కూ లోటుంది. పొడి ఇసుక మీద, బండ మీద తెగిపడిన 11 కెవి తీగలో పారే కరెంటు, ఫాల్ట్‌ను పసిగట్టే రిలే కంటికి ఆనకపోవచ్చు. తీగ కింద సజీవంగానే ఉంటుంది. 2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో కార్చిచ్చులకు 173 మంది చనిపోయారు. వాటిలో కొన్ని విద్యుత్ లైన్ల వల్ల రేగినవి. ఆ తర్వాత అక్కడి 22 కెవి లైన్లకు పీటర్సన్ కాయిల్‌నే ఇన్వర్టర్ జోడించి తెచ్చారు. ఫాల్ట్ తగిలిన తీగ వోల్టేజి రెండు సెకన్లలో 250 వోల్టులకు దిగాలన్నది అక్కడి షరతు.