పెక్కు ప్రశ్నలకు ఒకేసారి సమాధానము

విమానములో ఒక సీటు ఖాళీగా ఉన్నదా, లేదా అనునది చిన్న ప్రశ్న. కాని వేయిమంది ఒకే నిమిషమున అట్టి ప్రశ్నలు అడిగినచో సమాధానము చెప్పుట చిన్న పని కాదు. డేటాబేసుల చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయము ఈ చిక్కునుండి పుట్టినది.

1950 దశకములో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థవారి సీట్ల కేటాయింపు చాలవరకు చేతితోనే నడచుచుండెను. ఈ పద్ధతి లిటిల్ రాక్ నగరములోని వారి కార్యాలయమున రూపొందినది. గుండ్రముగా తిరుగు ఒక పెట్టెలో ప్రతి విమానమునకు ఒక కార్డు ఉండెడిది. పెట్టె చుట్టును ఎనమండుగురు గుమాస్తాలు కూర్చుండి, సీటు అమ్ముడుపోయినప్పుడెల్ల కార్డు అంచున గుర్తు పెట్టెడివారు. విమానమును వెదకుట మొదలు టికెట్టు వ్రాయుట వరకు సగటున 90 నిమిషములు పట్టెడిది. ప్రయాణికులు ఎంత పెరిగినను తొమ్మిదవ గుమాస్తాకు పెట్టె చుట్టును చోటు లేకపోయెను.

ఐ.బి.ఎం. సంస్థ సహాయముతో నిర్మింపబడిన ‘సేబర్’ అను కంప్యూటరు ఏర్పాటు 1964 నాటికి ఈ పని అంతటిని చేపట్టెను. ఇట్టి యంత్రము ఒక ప్రశ్నకు కావలసిన వివరము డిస్కునుండి వచ్చులోపల ఊరకుండక మరొక ప్రశ్నను అందుకొనును. అందుచే అడిగినవారికి అన్ని పనులును ఒకేసారి జరుగుచున్నట్లు తోచును.

అయితే ఇందులో ఒక ప్రమాదము కలదు. విమానములో ఒకే సీటు మిగిలినదనుకొనుడు. మొదటి గుమాస్తా అడుగగా యంత్రము ‘ఒకటి కలదు’ అని చెప్పును. అతడు దానిని అమ్మి లెక్క దిద్దకముందే రెండవ గుమాస్తా అడుగును. అతనికిని ‘ఒకటి కలదు’ అనియే జవాబు వచ్చును. ఇద్దరును టికెట్టు ఇత్తురు. యంత్రము కూడికలో పొరపాటు చేయలేదు. అయినను ఇద్దరిలో ఒక ప్రయాణికుడు మోసపోవును. బ్యాంకు ఖాతాలలో ఇట్లు జరిగినచో నష్టము ఇంకను ఎక్కువ.

దీనికి శాస్త్రీయమైన పరిష్కారమును 1976లో ఐ.బి.ఎం. శాన్ హోసే పరిశోధనాలయమునకు చెందిన ఈశ్వరన్, జిమ్ గ్రే, లోరీ, ట్రైగర్ అనువారు ప్రకటించిరి. వారి సాధనము తాళము. చదువుటకు మాత్రమే వచ్చినవారు ఎందరైనను ఒక వివరమును ఒకేసారి చూడవచ్చును. దిద్దుటకు వచ్చినవాడు మాత్రము తాళము వేసికొని ఒంటరిగా దిద్దవలెను. ఒక తాళమును విడిచిన తరువాత క్రొత్త తాళము వేయరాదు. ప్రతి పనియు ఈ నియమమును పాటించినచో, పనులు ఎంత కలగలిసి నడచినను, వాటిని ఏదో ఒక వరుసలో ఒకదాని వెంట ఒకటిగా చేసినచో వచ్చెడి ఫలితమే వచ్చునని వారు నిరూపించిరి. ఒకరి తాళమునకై మరొకరు ఎదురుచూచుచు ఇద్దరును నిలిచిపోయినచో, యంత్రము ఒక పనిని రద్దుచేసి తిరిగి మొదలుపెట్టును.

తాళము తప్పును ఆపును గాని వేగమును పెంచదు. వేగమునకు వేరొక ఉపాయము కావలసివచ్చెను. లక్ష జవాబు పత్రములలో అత్యధిక మార్కులు ఎన్నియో తెలిసికొనవలెననుకొనుడు. నిమిషమునకు 20 చొప్పున ఒక్కరే చూచినచో 5,000 నిమిషములు పట్టును. పదిమందికి పదేసి వేల చొప్పున పంచినచో 500 నిమిషములు చాలును. చివర పది అంకెలను పోల్చిన సరిపోవును. కాని పంపకములో ఒకరికే 40,000 పత్రములు పోయినచో, తక్కినవారు ముందే ముగించినను, ఫలితమునకు 2,000 నిమిషములు ఆగవలెను. కనుక సమముగా పంచుటయే ఇందలి కీలకము.

ఈ సూత్రముపైననే 1979లో స్థాపింపబడిన టెరాడేటా సంస్థ 1984లో ‘డి.బి.సి. 1012’ అను యంత్రమును విడుదల చేసెను. 1012 అనగా 10కి 12వ ఘాతమని సంకేతము. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున డేవిడ్ డెవిట్ బృందము ‘గామా’ అను ప్రయోగ యంత్రమును నిర్మించెను. ప్రతి యంత్రమునకు దాని మెమొరీ, దాని డిస్కు వేరుగా ఉండి, ఉమ్మడిగా ఏమియు లేకుండుటయే మేలని 1986లో మైకేల్ స్టోన్‌బ్రేకర్ వాదించెను. 1992లో డెవిట్, గ్రేలు వ్రాసిన వ్యాసము ఈ మార్గపు విజయమును వివరించెను.

మన దేశమున రైల్వే రిజర్వేషన్లు 1986లో న్యూఢిల్లీలో కంప్యూటరుపైకి వచ్చెను. 1999లో న్యూఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములు ఒకదానితో ఒకటి కలుపబడెను. పెట్టె ఒక్కటిగాక అయిదైనది. ఏ కౌంటరునుండియైనను ఏ కేంద్రములోని బెర్తునైనను అడుగుటకు వీలు కలిగినది. అయినను ఒక బెర్తును ఇద్దరికి ఇవ్వకుండుటకు తాళము అవసరమే.

లిటిల్ రాక్ పద్ధతిలో పనిని అడ్డగించినది గుమాస్తాల మందకొడితనము కాదు. లెక్క అంతయు ఒక్క పెట్టెలో ఉండుట. పంచదగినదానిని సమముగా పంచుట, పంచరానిదానిని ఒకరి తరువాత ఒకరు ముట్టుట: వేగమునకు మొదటిది, న్యాయమునకు రెండవది కారణమైనవి.