అబ్బా హిసాబ్‌లో పెట్రోలు

మా అబ్బా ఇంతెఖాల్ అయిన కొన్నాళ్ళకు ఆయన సందూక్ సర్దుతుంటే, పాత కాగితాల కింద అట్ట చిరిగిన నోటుబుక్కు ఒకటి దొరికింది. షాయిరీ ఏమైనా రాసుకున్నారేమో అని ఆశపడ్డాను. తీరా చూస్తే స్కూటరు లెక్కలు! ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు: తారీఖు, ఎన్ని లీటర్లు పోయించారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, ఎంత ఖర్చయింది. మధ్య మధ్య కొన్ని రోజుల పక్కన ఒకటే మాట ఉంది, ‘పైదల్’. అంటే ఆ రోజు స్కూటరు తీయలేదు, కాలినడకనే బడికి వెళ్ళారని.

స్కూటరు కొన్నది 1972లో, సెకండ్‌హ్యాండ్ లాంబ్రెట్టా. లెక్క మొదలైంది మాత్రం 1973 డిసెంబరులో. ఏడాదికి పైగా బేఫికర్‌గా తిప్పిన మనిషికి ఒక్కసారిగా హిసాబ్ ఎందుకు గుర్తొచ్చింది? దానికి జవాబు కడపలో లేదు, సూయజ్ కాలువ ఒడ్డున ఉంది.

1973 అక్టోబరు 6న ఈజిప్టు సేనలు కాలువ దాటి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న సినాయ్‌లోకి దిగాయి. అదే రోజు సిరియా గోలాన్ వైపు నుంచి కదిలింది. అది రంజాన్ నెల పదో తారీఖు. ఆ రోజు పేరు మీద ఈజిప్టులో ఒక షహరే ఉంది. అమెరికా ఇజ్రాయెల్‌కు హథియార్లు పంపితే, అరబ్ దేశాలు తమ చేతిలో ఉన్న హథియార్ తీశాయి, తేల్. అక్టోబరు 16న గల్ఫ్ దేశాలు ధరను ఒక్క దెబ్బకు 70 శాతం పెంచాయి. మర్నాడే ఉత్పత్తి తగ్గిస్తామని ప్రకటించాయి. ఆ తర్వాత అమెరికాకు, హాలెండుకు తేల్ బంద్ అన్నాయి. యుద్ధానికి ముందు 3 డాలర్ల దగ్గర ఉన్న పీపా 1974 జనవరి 1 నాటికి 11 డాలర్ల 65 సెంట్లు అయింది.

హాలెండులో నవంబరు 4 నుంచి ఆదివారాలు కార్లు నిషేధం. ఖాళీ హైవేల మీద జనం సైకిళ్ళు తొక్కారు, గుర్రాలెక్కి తిరిగారు. అమెరికాలో నిక్సన్ 1974 జనవరి 2న సంతకం పెట్టి దేశమంతా గంటకు 55 మైళ్ళకు మించి పోరాదన్నారు. స్పీడు తగ్గితే పెట్రోలు మిగులుతుందని సర్కార్లు కాయిదా చేసి మరీ చెప్పిన జమానా అది.

మన మీద అరబ్బులకు కోపం లేదు. ఇండియాను వాళ్ళు దోస్తుగానే చూశారు. కానీ బజారులో దోస్తుకో రేటు, దుష్మన్‌కో రేటు ఉండదు కదా! మనం కొనే తేల్‌కు కూడా అదే ధర. ఇందిరా గాంధీ సర్కారు పెట్రోలు రేటు పెంచింది. నవంబరులో అటల్ బిహారీ వాజ్‌పేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చి ఎహ్తెజాజ్ తెలిపారు. ఆ మరుసటి నెలే కడపలో ఒక ఉర్దూ టీచరు నోటుబుక్కు తెరిచారు.

అబ్బా చేయని తజ్రుబా లేదు. టైర్లలో గాలి వారం వారం చూపించారు. ప్లగ్గు తనే విప్పి, మసి గీకి, ఉప్పుకాగితంతో రుద్దేవారు. టూ స్ట్రోక్ బండి కాబట్టి పెట్రోలులో ఆయిలు కలపాలి. ఎక్కువైతే పొగ, తక్కువైతే ఇంజిన్ పట్టేస్తుంది. ఆ కొలతకు అమ్మీ దవాఖానా సీసా ఒకటి దాచి ఇచ్చింది. వేగం 40 దాటనివ్వలేదు. ట్యాంకు అడుగంటితే స్కూటరును ఒక పక్కకు వంచి, మిగిలిన చుక్కలను కార్బురేటరు వైపు మళ్ళించేవారు. ఇది మా అందరి అబ్బాలూ చేసిన పనే. నిజానికి దానివల్ల మిగిలేది ఏమీ లేదు, ఇల్లు చేరడానికి పనికొచ్చే తర్కీబ్ అంతే.

రాయచోటిలో నానా ఇంటికి వెళ్ళి తిరిగొస్తూ గువ్వలచెరువు ఘాట్‌లో ఇంజిన్ ఆపేసి దిగేవారట. వెనక కూర్చున్న అమ్మీ కిందికి చేరేదాకా ఆయతుల్ కుర్సీ ఆపేది కాదు. అలా మిగిల్చిన పైసలతో ఏం చేసేవాళ్ళు? ఘాట్ దిగకముందే గువ్వలచెరువులో పాలకోవా కొనేసేవాళ్ళు! (కారులో ఈ పని ఎవరూ చేయకండి. ఇంజిన్ ఆగితే బ్రేకుకు జోరు తగ్గుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది.)

నోటుబుక్కు మొత్తం కూర్చుని కూడాను. ఇంత మెహనత్ చేసినా లీటరుకు 36 ఇచ్చే బండి 40 దాటలేదు. అసలు బచత్ అంతా ‘పైదల్’ అని రాసిన రోజుల్లోనే ఉంది. ఉర్దూలో పొదుపును కిఫాయత్ అంటాం. అరబీలో దాని మూలం ‘చాలినంత’ అనే అర్థమిచ్చేదే. దావత్‌లో వడ్డించే వాళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి ‘కాఫీ హై’ అంటామే, ఆ కాఫీ కూడా అదే మూలం. అబ్బా బండిని బాగుచేసి మిగిల్చింది కొంచెమే, ఇంత సఫర్ చాలు అనుకుని మిగిల్చింది ఎక్కువ.

ఇప్పుడు కథలో రెండో వైపు. ఏ ధర అబ్బాను నడిపించిందో, అదే ధర గల్ఫ్‌లో రోడ్లు, పోర్టులు, మకాన్లు కట్టించింది. వాటికి మనుషులు కావాలి. హైదరాబాదు బార్కస్‌లో నిజాం ఫౌజు కోసం యెమన్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఉంది, వాళ్ళకు ఆ దారులు ముందే తెలుసు. కడప, రాయచోటి వైపు మనవాళ్ళకు కువైట్ దారి తెరుచుకుంది. మా మామూ 1978లో డ్రైవరుగా వెళ్ళాడు. వీసా ఖర్చుకు అమ్మీ చూడీలు గిరవి పెట్టారు. అక్కడ మామూ వాటర్ ట్యాంకరు తోలేవాడు. ఇంజిన్ ఆపకుండానే చాయ్ తాగేవాళ్ళమని ఖత్‌లో రాస్తే, అబ్బా ఆ లైను రెండుసార్లు చదివి తల పట్టుకున్నారట. పెట్రోలు రేటు పెరిగితే మా ఇంట్లో ఒకరికి తక్లీఫ్, ఇంకొకరికి రోజీ. చూడీలు ఏడాదిన్నరలో విడిపించుకున్నారు.

రెండూ కలిసి ఎదురు తిరిగింది 1990లో. ఆగస్టు 2న సద్దాం సేనలు కువైట్‌లోకి దూరాయి. రెండు నెలల్లో తేల్ ధర దాదాపు రెట్టింపైంది. అంతకుముందు అయితే రేటు పెరిగినా డ్రాఫ్టు వచ్చేది. ఈసారి రేటు పెరిగింది, డ్రాఫ్టు ఆగింది. దేశం హాలత్ కూడా మా ఇంటి లాగే ఉంది: తేల్ బిల్లు పైకి, గల్ఫ్ పైసలు కిందికి. మర్నాటి సంవత్సరం సర్కారు తన సోనా విదేశాలకు పంపి అప్పు తెచ్చుకుంది. అమ్మీ చూడీలు మళ్ళీ ఎప్పుడు వెళ్ళాయో నాకు సరిగా గుర్తులేదు, ఆ చలికాలం ఆమె చేతులకు గాజుపూసల గాజులే ఉన్నాయి.

మామూ ఖబర్ నెలన్నర లేదు. కువైట్ నుంచి బగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరిన మనవాళ్ళను ఎయిరిండియా విమానాలు బొంబాయికి తెచ్చాయి. అలా వచ్చినవాళ్ళు లక్షకు పైనే. అందులో మామూ ఒకడు. బొంబాయి నుంచి రైల్లో కడపకు వస్తున్నాడని టెలిగ్రాం అందిన రోజు, అబ్బా నన్ను స్కూటరు ముందు నిలబెట్టుకుని స్టేషనుకు బయల్దేరారు. నాకప్పుడు పదేళ్ళు. రైలు నాలుగు గంటలు ఆలస్యం. మామూ ఒక చేతిసంచితో దిగాడు. పన్నెండేళ్ళ కమాయి అక్కడే ఉండిపోయింది. అబ్బాకు గలే మిలి, “బావా, ఈ బండి ఇంకా నడుస్తోందా?” అన్నాడు. అబ్బా సమాధానం చెప్పకుండా కిక్కు కొట్టారు.

ఆ రోజు పేజీ నోటుబుక్కులో ఉంది. 2 లీటర్లు పోయించినట్టు రాశారు. కిలోమీటర్ల గడి ఖాళీగా వదిలేశారు.